చెప్పుల కాపలా

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

"ఎవరూ ఉండని కాలంలో ఆ ఊళ్లో ఏం చూస్తావక్కా?" అని ఫోన్లో నవ్వావు కదా. ఎవరూ నన్ను చూడకూడదనే వచ్చాను నాయనా.

హోటల్లో ఒక్క అంతస్తుకే దీపాలు వేస్తున్నారు. భోజనాల గదిలో కుర్చీలన్నీ బల్లలెక్కి బోర్లా పడుకున్నాయి. ఒడ్డున ఐస్‌క్రీం బళ్లకి పట్టాలు కప్పేశారు. లైఫ్‌గార్డయితే కాపాడటానికి మనిషి దొరక్క, ఎత్తు కుర్చీలో కూర్చుని ఆవలిస్తున్నాడు. ఈత నేర్పుతావా బాబూ అంటే ఎగిరి గంతేశాడు.

ఏటా మీరంతా సముద్రంలో కేరింతలు కొడుతుంటే మీ చెప్పులకీ గడియారాలకీ కాపలా కూర్చునేది నేనేగా. నాకు ఉప్పునీళ్లు పడవని చెప్పేదాన్ని. పడకపోవడమేమీ లేదు, చచ్చేంత భయం.

నడుం లోతులో హద్దుగా ఒక తాడు కట్టారు. వచ్చిన రోజు నుంచీ దాన్నే పట్టుకుని వేలాడాను. "వదలండమ్మా, నేనున్నాగా" అని బతిమాలీ బతిమాలీ అతని గొంతు బొంగురుపోయింది.

ఈ ఉదయం ఎలా వదిలానో నాకే తెలీదు. నీళ్లు నన్ను మోశాయి. చేతులాడిస్తూ పోతూనే ఉన్నాను. ఇంతలో వెనక నుంచి ఈల మీద ఈల. తిరిగి చూద్దును కదా, అతను రెండు చేతులూ ఊపుతున్నాడు.

"తాడు దాటేశారమ్మా, వెనక్కి రండి."

అంత పెద్ద తీరంలో ఆ ఈల నా ఒక్కదాని కోసమేరా.

సెలవులకి అందరం కలిసి వద్దాం. చెప్పుల దగ్గర ఎవరు కూర్చుంటారో మాత్రం ఇప్పుడే తేల్చుకోండి.

మీ అక్క