వైరుకి కట్టిన ఎర్ర దారం

వదినా, నీ ఎంబ్రాయిడరీ మిషన్ని నడిపే కంప్యూటర్ లేచింది. స్కూలు బ్యాడ్జీలు కుట్టడం అయ్యేదాకా మాత్రం ఆపకు. మళ్ళీ నల్ల తెర మీద డిస్కు దొరకలేదని వస్తే కంగారు పడకు. ఒకసారి ఆపి, ఆన్ చేస్తూనే ఎఫ్2 నొక్కుతూ ఉండు. వచ్చిన జాబితాలో పాత డిస్కుని అన్నిటికన్నా పైకి జరిపి, ఎఫ్10 నొక్కు.

తప్పు నాదే. గరగరమంటోందని నిన్న ఆ పాత డిస్కు పీకేశాను. అందులో ఫొటోలే ఉన్నాయనుకున్నాను. కంప్యూటర్‌ని లేపే ఫైళ్ళు కూడా అందులోనే ఉన్నాయని పొద్దున్న తెలిసింది. తిరిగి పెడదామంటే ఏ వైరు ఎక్కడిదో గుర్తు లేదు.

అప్పుడు నీ దారాలు కనపడ్డాయి. నేను చెయ్యి పెట్టకముందే ప్రతి వైరుకీ, అది దూరే చోటు పక్కనున్న స్క్రూకీ ఒకే రంగు దారం కట్టి ఉంచావు. "ఇదేమైనా చొక్కానా వదినా, గుండీలు గుర్తు పెట్టుకోడానికి?" అని నిన్న ఎగతాళి చేశాను. ఇంజనీరింగ్ చదివింది నేను, బుర్ర వాడింది నువ్వు. రంగుకి రంగు కలిపితే ఐదు నిమిషాల్లో అయిపోయింది.

దారాలు విప్పలేదు. ఎర్రది నా చేతిలో తెగితే మళ్ళీ నేనే కట్టాను. ఆ ముడి చూసి ఈసారి నువ్వు నవ్వు.