లేవని చుక్కలు

మంగళవారం, ప్లేనో, టెక్సస్

రేపు రిలీజ్ కావాల్సిన కొత్త యూఎస్‌బీ డ్రైవర్ ప్రోగ్రాములు బాగానే పనిచేస్తున్నాయని పొద్దున్నే, నేను టెస్టర్‌గా సాయం చేసే లినక్స్ ప్రాజెక్ట్ వాళ్ళకి రాసేశాను. మౌస్, కీబోర్డ్, ప్రింటర్ తగిలించి చూసి, ఇక చాలనుకున్నాను. ఆ ధీమాతోనే సాయంత్రం పక్కింటి రఘు అంకుల్ లాప్‌టాప్‌లో కూడా వేశాను. ఆయనకి చూపు లేదు. స్క్రీన్ మీద ఉన్నదంతా యూఎస్‌బీకి తగిలించిన బ్రెయిలీ పరికరం మీద చుక్కలుగా పైకి లేస్తుంది, వాటిని వేళ్ళతో తడిమి చదువుకుంటారు. రీస్టార్ట్ చేశాక ఆ వేళ్ళు అటూ ఇటూ తిరిగి ఆగిపోయాయి.

"చుక్కలు లేవట్లేదమ్మా. అంతా నున్నగా ఉంది."

కేబుల్ మార్చాను, పోర్ట్ మార్చాను. లేవలేదు. లేఆఫ్ అయ్యాక ఆయనకి వచ్చిన మొదటి ఇంటర్వ్యూ రేపు తొమ్మిదింటికి.

పాత డ్రైవర్ తిరిగి వేయడానికి గంట పట్టింది. చుక్కలు లేచాక ఆయన నెమ్మదిగా అడిగారు.

"రేపు రిలీజ్ అన్నావు కదా. నాలాంటివాళ్ళు ఎంతమంది వేసుకుంటారు?"

అక్కడే కూర్చుని, నా రిపోర్ట్ తప్పని, రిలీజ్ ఆపమని రాశాను. ఇప్పుడే జవాబొచ్చింది. ఆపారట. ఆ పరికరం వాళ్ళెవరి దగ్గరా లేదట, సరిచేసిన డ్రైవర్‌ని నన్నే టెస్ట్ చేయమన్నారు.

అంకుల్‌ని మళ్ళీ ఆ పరికరం ఇమ్మని ఏ ముఖం పెట్టుకుని అడగను...