మగ్గం గుంతలో దాగినవారిని నీళ్ల లెక్కలో చేర్చుట గురించి

ధర్మవరం మండలం, గుట్టకిందపల్లి, మగ్గాల వీధిలో కాపురముండు ఓబమ్మ, వయసు డెబ్బై నాలుగు, తాగునీటి పథకం పెద్ద ఇంజినీరు గారి సముఖమునకు రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధిలో మనుషులు ఉన్నారని తెలియజేయుట.

నేను ఐదో తరగతి వరకే చదివినాను. మా ఆయన ఉన్నప్పుడు కరెంటు స్తంభం కోసం రాసిన పాత అర్జీని ముందర పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. ఎక్కడైనా స్తంభం అని వస్తే నీళ్లు అని చదువుకోగలరు.

1. గత జనవరిలో మా ఊరి సచివాలయం నుంచి పద్మప్రియ అనే అమ్మాయి వచ్చి, పట్నమూ చుట్టుపక్కల పల్లెలూ కలిపి ముప్పై ఏండ్లకు సరిపోయేట్టు పైపులు వేస్తారని, అందుకు మనుషులను లెక్క పెడుతున్నామని చెప్పినది. సరిగ్గానే చెప్పినది. నేనే నమ్మలేదు. అంతకు ముందు ఏడాది వేరే లెక్కకు వచ్చినవారితో మా వీధి మారెక్క, కొడుకు తన దగ్గరే ఉన్నాడని ఉన్నదున్నట్లు చెప్పినది. తరువాత ఆమెకు పింఛను ఆగినది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఈనాటికీ తెలియదు. అప్పటి నుంచి ఎవరైనా కాగితం పట్టుకుని వస్తే నేను తలుపు దగ్గరికి వేస్తాను.

2. కావున ఆ అమ్మాయి వీధి మొదట్లో ఉండగానే నేను పెరటి దారిన పోయి నలభై రెండు ఇండ్లలోనూ, "ముసలోళ్లమే ఉండామని చెప్పండి, వయసోళ్లను గుంతలోకి దింపండి" అని చెప్పి వచ్చినాను. మావి గుంత మగ్గాలు. నేసేవాడు కాళ్లు గుంతలో పెట్టుకుని కూర్చుంటాడు. ముడుచుకుని దిగితే మనిషి మొత్తం పడుగు దారాల కింద కనపడకుండా పోతాడు.

3. మా ఇంట్లో మగ్గాలు రెండు. ఒక గుంతలో కొడుకు మార్కండేయ, కోడలు హేమావతి దిగినారు. రెండో దానిలో మనవడు దేవేంద్ర, వాని భార్య సునంద దిగినారు. మనవరాండ్లిద్దరూ బడికి పోయి ఉన్నారు. అటు తరువాత జరిగినది ఈ క్రింది విధంగా ఉన్నది.

"ఇంట్లో ఎంతమంది ఉండారవ్వా?"

"నేనొక్కదాన్నే, తల్లీ."

"వాకిట్లో ఐదు జతల చెప్పులుండాయే."

"అన్నీ మా ఆయనవే. పోయినాడు పాపం."

"ఆడోళ్ల చెప్పులు కూడానా?"

నేను చెప్పులను కాలితో మూలకు నెట్టినాను. ఈలోగా గుంతలో మార్కండేయ దగ్గినాడు.

"ఎవరో దగ్గినారవ్వా."

"నేనేనమ్మా" అని చెప్పి, ఆ తరువాత దగ్గినాను.

ఆ అమ్మాయి "నీళ్ల కోసమేనవ్వా, ఇంక దేనికీ కాదు" అని మూడు సార్లు చెప్పి, చివరకు ఒకటి అని రాసుకుని పోయినది.

4. ఇప్పుడు సచివాలయం గోడకు ప్రణాళిక అంటించినారు. మా వీధి పేరు పక్కన ఇండ్లు నలభై రెండు, జనం యాభై ఒకరు, అందరూ వృద్ధులు, మున్ముందు ఎవరూ మిగలరు కనుక పైపు అవసరం లేదు, ట్యాంకరు చాలును అని ఉన్నది. లెక్క ప్రకారం అది సరే. రోడ్డుకు అవతల కొత్త వెంచరులో తెల్లరాళ్లు తప్ప ఏమీ లేవు. అక్కడ రెండు వేల మంది ఉండబోతారని రాసి పెద్ద పైపు ఇచ్చినారు. లేనివారు ఉంటామని చెప్పుకున్నారు. ఉన్నవారము లేమని చెప్పుకున్నాము. ఇందులో తమ ఆఫీసు తప్పు ఏమీ లేదు.

5. ట్యాంకరు తిప్పయ్య కూడా ఆ కాగితం ప్రకారమే నాలుగు రోజులకొకసారి పోస్తున్నాడు. "ఏడుగురం ఉండామప్పా" అంటే, "యాడుండారవ్వా? కాగితంలో ఒక్కదానివే ఉండావు. నాలుగు బిందెలు నీకు ఎక్కువే" అంటాడు. మార్కండేయను పిలిచి పక్కన నిలబెట్టినాను. "ఈయన నాకు కనపడతాండాడు, కాగితానికే కనపడలేదు" అన్నాడు. ఇంట్లో స్నానానికి వంతులు వేసుకున్నాము. మనవరాండ్లు బడికి ముందర రోడ్డు దాటి పట్నం కొళాయికి పోయి మోసుకొస్తున్నారు. ఆ రోడ్డులో లారీలు ఎక్కువ. వాళ్లు తిరిగి వచ్చేవరకు నేను వాకిట్లోనే నిలబడతాను.

6. పైపులు వచ్చే సోమవారం దింపుతారట. పైపు కాలువ తవ్వడానికి గీసిన సున్నం గీత మా వీధి వరకు వచ్చి వెంచరు వైపు తిరిగినది. రోజూ పోయి చూస్తున్నాను. మా వైపు రాలేదు.

కావున దయగల అయ్యగారు సోమవారం లోపల మా వీధిని మళ్లీ లెక్క పెట్టించవలెను. పగలు పదకొండు గంటలకు వస్తే అందరూ మగ్గాల మీదనే ఉంటారు. ఈసారి ఎవరూ దిగరు. ఆ లెక్క పింఛను ఆఫీసుకు పోకుండా చూడవలెను. పోక తప్పదంటే నాది ఒక్కటే ఆపించండి. మిగిలినవారు నా మాట విని చెడినారు. పద్మప్రియను ఏమీ అనవద్దు.

తొందరగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఓబమ్మ
(సంతకమే, వేలిముద్ర కాదు)

మరొక మనవి: పైన ఏడుగురు అని రాసినాను. ఎనిమిది అని దిద్దుకోగలరు. సునందకు మూడో నెల. ఐదో నెల వచ్చేవరకు బయట ఎవరికీ చెప్పకూడదని ఇంట్లో అందరికీ నేనే కట్టడి చేసినాను. సునంద తల్లికి కూడా ఇంకా తెలియదు. అయితే పైపు సోమవారమే వేస్తున్నారు కదా. ఈ ఒక్కరిని మాత్రం దాచదలచలేదు. తమరు కాగితంలో రాసుకోండి, నోటితో ఎవరితోనూ అనవద్దు.