కాలనీ అంతా ఏప్రిల్

జూన్ 3, సోమవారం

ఆమె ఫోన్ చేసింది. విడిపోయిన ఆరేళ్లలో ఇదే మొదటిసారి. ఎలా ఉన్నావని అడుగుతుందనుకున్నాను. ఎక్సెల్ వచ్చు కదా అని అడిగింది.

వచ్చునన్నాను. ఏనుగునెక్కడం వచ్చా అన్నా వచ్చుననే అనేవాణ్ణి.

సంగతేమిటంటే, మేం కాపురమున్న కాలనీ కమిటీకి ఇప్పుడు ఆమే కార్యదర్శి. కొత్త పైపులైను కోసం ఇళ్ల జాబితా నీటి ఆఫీసుకు పంపారు. అందులో ఇంటి నంబర్లే లేవని వాళ్లు తిప్పి పంపారు. శుక్రవారంలోగా సరిచేయకపోతే పాత లైను కట్, కొత్తది రాదు. కాలనీలో ప్రతి నంబరూ నాలుగుతోనే మొదలు. ఆమెది 4-11. ఒకప్పుడు నాదీ అదే.

జూన్ 4

నీటి ఆఫీసులో గుమస్తా స్క్రీను నావైపు తిప్పాడు. 4-11 ఉండాల్సిన చోట ఏప్రిల్ 11. 4-12 ఏప్రిల్ 12. 4-40 ఏకంగా 1940 ఏప్రిల్. ఆయన చేసిందల్లా వచ్చిన ఫైలును డబుల్ క్లిక్ చేసి, సేవ్ కొట్టడం.

నాకు ఒళ్లు మండింది. మధ్యలో గీత కనిపిస్తే చాలు తేదీ అనుకోమని, అదీ అమెరికావాళ్లలా నెల ముందు చదవమని దీనికెవడు నేర్పాడు? డిఫాల్ట్ అంటే బలవంతుడి అలవాటు, మిగతా లోకం నోరు మూసుకుని సర్దుకోవాలి అన్నాను. తిట్టేది తననా, కంప్యూటర్‌నా తేల్చి చెబితే ఈలోగా వేరే పని చూసుకుంటానన్నాడు గుమస్తా. న్యాయమే.

సాయంత్రం

గుమస్తా ఇచ్చిన కాపీలో ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి చూశాను. ఏప్రిల్ పోయి ఏదో ఐదంకెల సంఖ్య వచ్చింది. ఇల్లు మాత్రం రాలేదు. మారకముందటి ఫైలే కావాలి. అది ఆమె లాప్‌టాప్‌లో ఉంది. మెయిల్ చేయమంటే సరిపోయేది. వస్తానన్నాను.

జూన్ 5

చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. ఈ వయసులో.

జూన్ 6

కిటికీ కర్టెన్లు మార్చింది. తలుపు ఇప్పటికీ కింద రాసుకుంటోంది. చెక్కించమని చెప్పబోయి ఊరుకున్నాను.

ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలోంచి ఫైలును ఇంపోర్ట్ చేశాను. డేటా రకాలు నువ్వే కనిపెట్టొద్దని దానికి చెప్పి, ఇంటి నంబర్ల కాలమ్‌కు టెక్స్ట్ ఎంచి, లోడ్ కొట్టాను. 4-11 బుద్ధిగా 4-11 లాగే కూర్చుంది. ఎక్సెల్ ఫైలుగానే సేవ్ చేసి పంపమన్నాను. మొదట పంపినట్టు, ఏ కాలమ్ ఏ రకమో గుర్తుంచుకోని సీఎస్‌వీ ఫైలే మళ్లీ పంపితే కథ మొదటికొస్తుంది.

అక్కడితో ఆగొచ్చు కదా. ఉపన్యాసం ఎత్తుకున్నాను. అడగదు, ఊహిస్తుంది, ఊహించిందే ఖాయం చేసి అసలుదాన్ని చెరిపేస్తుంది, ఇదేం యంత్రమని.

ఆమె నన్నే చూస్తోంది.

"నాలుగు రోజులు ఒంటరిగా ఉంటానన్నాను. నువ్వేమో వెళ్లిపొమ్మన్నాననుకుని పెట్టె సర్దేశావు. ఒక్కమాట అడిగావా?"

లేచి, తలుపును కాస్త పైకెత్తి తెరుచుకుని బయటికొచ్చేశాను. ఆరేళ్లు. ఆమె అటు, నేను ఇటు, ఇద్దరం ఒకే ఊళ్లో.

జూన్ 7, శుక్రవారం

జాబితా తీసుకున్నారట. చెప్పడానికి ఫోన్ చేసింది. చెప్పడం అయిపోయాక కూడా పెట్టేయలేదు.

ఈసారి నాకు నేనే ఏమీ ఊహించుకోలేదు. ఎందుకు పెట్టేయలేదని అడిగాను.