జీపు వెనకాల చప్పుడు

బావా,

నిన్న నీ సంవత్సరీకం అయిపోయింది. ఇవాళ నీ పాత జీపుని షెడ్డుకి తీసుకెళ్ళాను. గేరు మార్చినప్పుడల్లా వెనకాల టక్కుమంటోందని అక్క అన్న మాటే చెప్తే, మెకానిక్కు కుర్చీలోంచి లేవకుండానే "ఎనక ఇరుసులో క్రౌన్ గేరు పళ్ళు అరిగిపోనాయి, పాత ఇనుముకి ఇచ్చీండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని బండ్లు బాగుచేశావు, కింద దూరి షాఫ్టు చేత్తో తిప్పి చూడకుండా నువ్వెప్పుడైనా ఆ మాట అన్నావా?

ఇంటికొచ్చి నేనే కింద దూరాను. పక్కన నిలబడ్డ అక్క అంది: "క్రౌన్ కాదురా, షాఫ్టు క్రాస్ సూడు. నా కాళ్ళ కిందే కొట్టుకునీది. మీ బావకి సెప్తే నీకేటి తెలుసన్నాడు."

చూస్తే షాఫ్టుని ఇరుసుకి కలిపే ఆ క్రాసే లొడలొడలాడుతోంది.

అక్కకి తెలియకేం బావా? ముందు సీటు మగాళ్ళకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇన్నేళ్ళూ ఆవిణ్ణి వెనక బెల్లం దిమ్మల మధ్య కుక్కావు. నేనూ దర్జాగా కూర్చున్నాను.

కొత్త క్రాస్ కొనడానికి వెళ్తూ అక్కని ముందు కూర్చోబెట్టాను. రింగు రోడ్డు దాటాక మెల్లగా అంది: "పాపం మీ బావ. ఇక్కడ కూకుంటే ఆ సప్పుడు ఇనపడదురా."

ఇప్పటికీ నిన్నే వెనకేసుకొస్తోంది. నాకు నీ మీద కోపం ఇంకా ఎక్కువైంది.