వాగు ఇసుకలో గాలి తీసిన జీపు

సైదాబాద్, మే 1969

సాలోమోను అన్నకు,

నేను బాగానే ఉన్నాను, భయపడకు. పట్నంలో తెలంగాణ ఉద్యమం గొడవలని, నర్సు ఉద్యోగం మానేసి ఊరికి రమ్మని రాశావు. నేను రాను. ఎందుకో విను.

మొన్న కొత్తపేటలో భాగ్యమ్మ అనే ఆమెకు నొప్పులు మొదలైతే మా దవాఖాన జీపులో తీసుకొస్తున్నాం. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రోడ్డంతా రాళ్లు, మండుతున్న టైర్లు. డ్రైవరు యెహెజ్కేలు బండిని ఎండిన వాగులోకి దించాడు. చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి.

"సగం గాలి తీద్దాం సిస్టరమ్మా. టైరు ఎడల్పయితే ఇసుకల దిగబడదు" అన్నాడు.

భాగ్యమ్మ అత్త నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "గాలి తీస్తే బండి ఎట్ల నడుస్తది? నా కోడల్ని ఈడనే సంపుతవా?"

"ఈడనే ఊకుంటే సస్తది. చెయ్యి ఇడువమ్మా" అన్నాను.

రెండు చక్రాలకు అతను, రెండింటికి నేను గాలి తీశాం. నేను తలపిన్నుతో వాల్వు నొక్కిపట్టాను. ఈసారి జీపు మెల్లగా ఇసుక దాటి గట్టెక్కింది. దవాఖాన చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

మళ్లీ రోడ్డు మూస్తే మళ్లీ వాగులోకే దిగుతాం.

అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నారా? ఇటు ఎవరైనా వస్తే చింతకాయ తొక్కు పంపు. ఇక్కడ దుకాణాలు సరిగా తెరవడం లేదు. వదినకు నా వందనాలు, పిల్లలకు ముద్దులు. మీ అందరినీ దేవుడు చల్లగా చూడాలి.

నన్ను తీసుకుపోవడానికైతే రావద్దు, అన్నా. చూసిపోవడానికి రా, అన్నం వండి పెడతాను.

నీ చెల్లెలు
ఎలీశమ్మ