ట్రెస్సా పరీక్ష పాసయింది

బ్రష్ ఫోర్క్ కొండ, మార్చి 4

సహాయం ఆఫీసులో డ్వైట్ పెల్‌ఫ్రీ బాబుని దీవించి ఆర్ఫా స్టాంపర్ రాయడం ఏమంటే,

మీ నోటీసు అందింది. నా మనవరాలు లేసీకి నెలనెలా వచ్చే సాయం ఆపారట. దాని తల్లి ట్రెస్సా మంగళవారం వచ్చి మత్తుమందుల పరీక్షకి కప్పులో ఉచ్చ పోసిస్తేనే మళ్ళీ ఇస్తారట. నాయనా, నా కూతురు ఆ పాడు మాత్రలు మింగే కిందటి అక్టోబరులో పోయింది. చర్చి వెనక పడుకుంది. బతికున్నప్పుడే పిలిస్తే పలికేది కాదు, ఇప్పుడొస్తుందా? సాయం నా పేరు మీదికి మార్చు. ఇంట్లో పిండి కూడా నిండుకుంది. పిల్ల పస్తుంటే చూడలేను.

ఇట్లు, ఆర్ఫా

తా.క.: నోటీసుతో వచ్చిన కప్పు బాగుంది. అందులో వంటసోడా పోసుకున్నాను. తిరిగివ్వను.

---

సహాయం ఆఫీసు, మార్చి 12

శ్రీమతి స్టాంపర్ గారికి నమస్కారాలు.

కోపమొస్తే మా అమ్మ కూడా "నా కూతురు చచ్చింది" అంటుందండీ. మా అక్క వారం వారం వచ్చి భోంచేసి వెళుతూనే ఉంటుంది. అలాంటివి ఆఫీసుకి రాయకూడదు. ట్రెస్సా మంగళవారం పొద్దున వచ్చి, సంతకం పెట్టి, పరీక్ష ఇచ్చి వెళ్ళింది. ఒంట్లో ఏ మందూ లేదు. లేసీ సాయం పంపేశాం. ఆమెతో ఒక మంచి మాట మాట్లాడండి.

మీ డ్వైట్ పెల్‌ఫ్రీ

తా.క.: ఆ పసుపు కోటు విప్పమంటే విప్పలేదు. మా కుర్చీ నిండా మట్టి.

---

బ్రష్ ఫోర్క్ కొండ, మార్చి 17

బాబూ డ్వైట్,

దానికీ నాకూ పడేది కాదు, నిజమే. అయినా బతికున్న బిడ్డని పాతిపెట్టేంత కోపం ఏ తల్లికొస్తుంది? మరణపత్రం జతచేస్తున్నాను, కళ్ళజోడు పెట్టుకుని చదువు. ఎవతో దాని పేరు చెప్పి వచ్చింది. కాకపోతే పసుపు కోటన్నావే, ఆ కోటుతోనే దాన్ని పెట్టెలో పడుకోబెట్టాం. మూడో గుండీ ఊడిపోయింది, కుట్టలేదు. అది నా సూదుల డబ్బాలోనే ఉంది. ఈసారి గుండీలు చూడు.

ఆర్ఫా

తా.క.: కుర్చీ మీది మట్టి ఏ రంగు? చర్చి వెనక పసుపు మన్ను.

---

సహాయం ఆఫీసు, ఏప్రిల్ 15

అమ్మా,

నిన్న ఈ నెల పరీక్షకి మళ్ళీ వచ్చింది. మూడో గుండీ లేదు. మన్ను పసుపే.

మా దగ్గర మోసం కుదరదండీ. కప్పులో నీళ్ళు కలపకుండా కుళాయి కట్టేస్తాం, కమోడులో నీలి రంగు కలుపుతాం, మా ఆఫీసు బర్నీస్ గారు పక్కనే నిలబడతారు. కప్పు ఒంటి వేడితో ఉండాలి. ఆమె ఇచ్చిన కప్పు మంచుగడ్డలా ఉంది, పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి. లోపల మాత్రం ఏ దోషమూ లేదు. బర్నీస్ గారు సెలవు పెట్టి పుట్టింటికి పోయారు.

మీరు పంపిన మరణపత్రం గురించి విచారించాను, నిజమేనండీ. ట్రెస్సా ఫైలు మూసేస్తాను. ఇకనించి సాయం మీ పేరు మీద. కాబట్టి వచ్చే మంగళవారం మీరే వచ్చి పరీక్ష ఇవ్వాలి. తప్పితే లేసీ సాయం ఆగుతుంది.

డ్వైట్

తా.క.: "లేసీకి పన్ను ఊడిందా?" అని అడిగింది. భయంతో ఊడిందన్నాను. ఊడిందా అండీ?

---

బ్రష్ ఫోర్క్ కొండ, ఏప్రిల్ 18

నా బాబు డ్వైట్,

ఆ పత్రం చించి పొయ్యిలో పడెయ్. ముసలిదాన్ని, కోపంలో ఏదో రాశాను. ట్రెస్సా ఉంది. మంగళవారం అదే వస్తుంది.

నేను రాలేను నాయనా. దాని మంచం కింద మాత్రల డబ్బా దొరికింది. పారేద్దామనే తీశాను. ఏడుపు ఆగని రోజున ఒకటి వేసుకున్నాను. ఇప్పుడు డబ్బా అడుగు కనపడుతోంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. మా ఇంట్లో ఆ పరీక్ష నెగ్గగలిగింది అదొక్కతే. దాని ఫైలు మూయకు. ఈ డబ్బా సంగతి నేను చూసుకునేదాకా అయినా మూయకు.

నీ ఆర్ఫా

తా.క.: పన్ను ఊడింది, కింది వరసది. దానికి చెప్పు. గుండీ ఈ కవర్లోనే పెట్టాను, ఇవ్వు. వచ్చినప్పుడు కాసేపు హీటరు పక్కన కూర్చోబెట్టు. కప్పు వెచ్చగా ఉండాలన్నావుగా.